కూర్చోబెట్టి చూడవలసిన కొలత

నల్లగొండలో మా నాన్న కుట్టుదుకాణంలో ఖాకీ యూనిఫాంలకు టేపు పట్టిన అలవాటే ఇప్పుడు టెక్సాస్‌లో నాకు తిండి పెడుతున్నది. ఇక్కడ నేను కొలతలు తీసేది పోలీసులు చొక్కా లోపల తొడుక్కునే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు.

జాకెట్‌లో ఛాతీని, పొట్టను కప్పే ముందు పలక పైఅంచు గొంతు గుంటకు రెండు మూడు వేళ్లు కిందుగా, కిందిఅంచు బెల్టుకు రెండు మూడు వేళ్లు పైగా ఉండాలి. నిలబెట్టి కొలిచాక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ చూస్తాము. ఎందుకంటే గస్తీ పోలీసుకు చాలాసేపు కారులోనే గడుస్తుంది, పొడవు ఎక్కువైన జాకెట్‌ను బెల్టు కింది నుంచి పైకి నెట్టగా అంచు గొంతుకు ఒరుసుకుంటుంది, ఆ బాధ పడలేక అతడు పట్టీలు వదులు చేస్తాడు, ఎండాకాలమైతే విప్పి వెనుక సీట్లో పడేస్తాడు. పొడవు ఎంత ఉంటే అంత భద్రమని వాదించే వాళ్లను కూర్చోమంటే చాలు, వాదన అక్కడితో ఆగుతుంది.

పక్కల విషయంలో మాత్రం నేను రాజీపడను. ముందు పలక వెనుక పలక మీదికి సుమారు 2 అంగుళాలు ఎక్కాలి. అక్కడ సందు మిగిలితే పక్క నుంచి వచ్చే తూటాకు అడ్డేమీ ఉండదు. ఉద్యోగంలో చేరిన నాటి నడుము ఐదేళ్లకు ఎవరికి మిగులుతుంది కనుక, ఒళ్లు చేసిన వాళ్లను మళ్లీ కొలతకు రమ్మంటాము. తూటా ఆగినా దెబ్బ ఆగదు: ప్రమాణ పరీక్షలో ఒంటికి బదులుగా జాకెట్ వెనుక ఉంచిన మట్టిలో 44 మిల్లీమీటర్ల లోతు గుంట వరకు అనుమతిస్తారు. మహిళలకు మగవాళ్ల పలకే ఇస్తే ఛాతీ దగ్గర ఎత్తుగా లేచి చంక కింద ఖాళీ ఏర్పడుతుంది; 2023లో అమెరికా వెలువరించిన కొత్త ప్రమాణంలో మహిళల జాకెట్ల పరీక్షా పద్ధతులను మెరుగుపరిచారు.

2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో తనిఖీకి వెళ్లిన కానిస్టేబుల్, హోంగార్డు కాల్పుల్లో చనిపోయినప్పటి నుంచి మా అక్కకు బావ రాత్రి డ్యూటీ అంటే గుబులే. బావ పనిచేసే స్టేషన్‌లో జాకెట్లు అందరికీ ఉమ్మడి, చేతికి దొరికినదే తొడుక్కోవాలి. మొన్న ఆయన జీపులో కూర్చుని ఫొటో పంపితే కిందిఅంచు తొడల మీద ఆనుకుని, పైఅంచు గడ్డం కిందికి లేచి ఉన్నది. పక్క పట్టీలు బిగించుకుంటే సందు కొంత తగ్గుతుందని, పొడవుకు మాత్రం పట్టీలతో మందు లేదని చెప్పి, చిన్న సైజు కోసం పైఅధికారికి కాగితం పెట్టమన్నాను.