రక్తనాళం మూసేశాక నా కిడ్నీ ఎంత మిగిలింది?

ఎడమ కిడ్నీలో రెండు సెంటీమీటర్లు దాటిన రాయి ఉందన్నారు. ఆ సైజుకి వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి, రాయిని పొడి చేసి తీసేయడమే మేలని యూరాలజిస్టు చెప్పారు. పీసీఎన్‌ఎల్ అంటారు, 1976లో స్వీడన్ డాక్టర్లు మొదటిసారి ప్రకటించిన పద్ధతి. ఆపరేషన్ బాగానే జరిగింది. వీపుకి పెట్టిన ట్యూబు తీసేసి, లోపల కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే సన్నటి గొట్టం, డీజే స్టెంట్ అంటారు, అది ఉంచి తెనాలి పంపించేశారు. మళ్లీ స్కూలుకి ఎప్పుడు వెళ్లొచ్చా అని చూసుకుంటున్నాను.

రెండో వారంలో ఒక తెల్లవారుజామున మూత్రం చిక్కటి ఎరుపులో వచ్చింది. స్టెంట్ ఉన్నన్నాళ్లూ కాస్త గులాబీ రంగు కనిపించడం మామూలే అన్నారు గానీ ఇది అది కాదు. సన్నగా, వేలెడు పొడుగున రక్తపు గడ్డలు పడ్డాయి. కిడ్నీ నుంచి దిగే గొట్టంలో గడ్డకట్టి ఆ ఆకారంలోనే బయటికి వస్తాయట. కాసేపటికి అవి కూడా ఆగిపోయాయి, మూత్రమూ ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది. "ఏవండీ, ఇంకా చూడటం ఏంటి, పదండి" అని మా ఆవిడ అప్పటికే ఆటో పిలిచేసింది.

గుంటూరులో లావు కాథెటర్ వేసి, ఒకవైపు నుంచి సెలైన్ ఎక్కిస్తూ మూత్రాశయంలో గడ్డలన్నీ కడిగారు. ఆపరేషన్‌కి ముందు 13 ఉన్న హీమోగ్లోబిన్ 7.4కి దిగింది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది కాబట్టి అక్కడ చిన్న చిల్లు పడినా ఇంత రక్తం పోతుందట. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు చూపించే స్కాన్ తీస్తే కారణం దొరికింది. సూది దిగిన దారిలో చిన్న ధమని గోడ చీలి, పక్కన రక్తపు తిత్తి ఏర్పడింది. సూడో అన్యూరిజం అంటారు. మొదట్లో గడ్డకట్టి మూసుకున్న చీలిక కొన్నాళ్లకు ఆ గడ్డ వదిలేసరికి తెరుచుకుంటుంది. అందుకే రక్తస్రావం ఇంత ఆలస్యంగా వస్తుంది. నూటికి ఒకరిద్దరికి మించి ఇంతదాకా రాదంటారు, నిజమే. అయినా మూడు వారాల దాకా ఇలా జరగవచ్చు, గడ్డలు పడితే వెంటనే రండి అన్న ఒక్క వాక్యం డిశ్చార్జ్ కాగితంలో ఉండి తీరాలి. నా కాగితంలో లేదు.

ఎంబొలైజేషన్ చేయాలి, అంటే ఆ రక్తనాళాన్ని మూసేయాలి అన్నారు. అప్పుడు నాకు పట్టిన టెన్షన్ రక్తం చూసినప్పుడు కూడా లేదు. నాళం మూసేస్తే కిడ్నీ బతుకుతుందా? స్క్రీన్ మీద చూస్తూ నాళాల్లోకి గొట్టం పంపి ఈ పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుది మా డెల్టా ఊరే. "మాస్టారూ, మేం కాలువ కట్టేయడం లేదండీ. చివరి పంట బోదె ఒక్కటే కడుతున్నాం. దాని కింద సెంటో రెండు సెంట్లో ఎండుతుంది, మిగతా చేనుకి నీళ్లు మామూలే" అన్నారు. కిడ్నీలో పక్క నాళం ఆదుకోదని, ఆ కాస్త ముక్క పోయినట్టేనని కూడా దాచకుండా చెప్పారు. ఆ మాటతోనే సంతకం పెట్టగలిగాను.

మత్తు ఇవ్వలేదు. గజ్జల దగ్గర చర్మం మొద్దుబార్చి సన్నటి గొట్టం పంపారు. నాళాలు స్క్రీన్ మీద కనిపించేలా చేసే మందు, డై అంటారు, అది వదిలిన ప్రతిసారీ నడుములో వేడి పాకింది. స్క్రీన్ మీద కొమ్మలుగా విడిపోయే నల్లటి గీతల చివర ఒక మచ్చ కనిపించింది. నాళాన్ని మూసే చిన్న లోహపు తీగచుట్ట, అంటే కాయిల్ పెట్టాక మళ్లీ డై వదిలితే గీతలన్నీ ఉన్నాయి, మచ్చ లేదు. ఆ తర్వాత కాలు కదపకుండా గంటల తరబడి పడుకోవడమే కష్టమైంది. మర్నాటికి మూత్రం రంగు తేలికపడింది. కాస్త జ్వరం, నడుం నొప్పి వచ్చి తగ్గాయి.

అసలు కంగారు క్రియాటినిన్‌తో వచ్చింది. కిడ్నీలు సరిగా పని చేయకపోతే రక్తంలో పెరిగే అంకె అది. ముందు 1.0, ఇప్పుడు 1.9. నెఫ్రాలజిస్టు ఒక్కొక్కటే విడమరిచి చెప్పారు: రక్తం పోయి బీపీ పడిపోవడం, గడ్డలు అడ్డుపడటం, డై ప్రభావం, మూసేసిన ముక్క. మొదటి మూడూ తిరిగి కోలుకునేవే, నాలుగోది చిన్నది. నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ముట్టుకోవద్దన్నారు. స్టెంట్ తీసే నాటికి 1.1కి దిగింది.

బంధువులంతా "ఇంకేంటి, నార్మలేగా" అన్నారు. కానీ క్రియాటినిన్ రెండు కిడ్నీలకీ కలిపి చెప్పే లెక్క. ఒకటి దెబ్బతిన్నా రెండోది బాగుంటే ఆ అంకె మామూలుగానే ఉండొచ్చు. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో తెలియాలంటే డీటీపీఏ స్కాన్ ఉండాలి. ఆపరేషన్‌కి ముందు తీయించినది ఉండబట్టే నాకు పోల్చుకోవడానికి వీలైంది. లేకపోతే తర్వాత వచ్చిన అంకెకి అర్థం ఉండేది కాదు. పెద్ద రాయి ఉన్నవాళ్లు ఈ విషయం మీ డాక్టర్‌ని ముందే అడగండి.

మూడు నెలలు ఆగి మళ్లీ తీశారు. నరంలోకి మందు ఇచ్చి కెమెరా ముందు పడుకోబెడతారు, అంతే. ఎడమ కిడ్నీ వాటా ముందు 49 శాతం, ఇప్పుడు 44. నేను సగం పోయి ఉంటుందని భయపడ్డాను. పోయింది అంత కొంచెమే.

రాయిని పరీక్షకి పంపితే కాల్షియం ఆక్సలేట్ అని తేలింది. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు తాగమన్నారు, తాగుతున్నాను. రక్తం అందని ముక్క వల్ల కొందరికి బీపీ పెరగొచ్చట, అందుకని ఇంట్లోనే చూసుకుని రాసిపెట్టుకోమన్నారు. ఇప్పటిదాకా 130 దాటలేదు. ఏడాది తిరిగాక క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ మళ్లీ చేయించాలి.