మా జీరో బడ్జెట్ షార్ట్ ఫిల్మ్ ఎక్కడిదాకా వచ్చిందంటే

గదిలో జరిగే సీన్లన్నీ తీసేశాం. ఇక మేడ మీది సాయంత్రం సీను, కొన్ని ఇన్సర్ట్ షాట్లు (చేతులు, వస్తువుల క్లోజప్‌లు) ఉన్నాయి. ఇప్పటిదాకా జేబులోంచి డబ్బు తీసింది ఒక చిన్న కాలర్ మైకు కోసమే. కెమెరా నా ఫోనే, లైట్లు ఇంట్లోవే.

కథ మొదట ఆరు పాత్రలతో రాసుకున్నాను. ఇప్పుడు తెర మీద ఇద్దరే. ఊరికే వచ్చి నటించే ఆరుగురికీ ఒకే రోజు ఖాళీ దొరకడం అయ్యే పని కాదు. అందుకని రెండు పాత్రల్ని ఫోన్లో వినిపించే గొంతులుగా మార్చాను. వాళ్లు వీలున్నప్పుడు ఇంట్లోనే డైలాగులు చెప్పి పంపిస్తున్నారు. మిగతా రెండూ తీసేస్తే కథకు లోటేమీ రాలేదు, అసలు వాటిని ఎందుకు రాశానో!

పిక్చర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సెకనుకు 24 ఫ్రేములు, షటర్ 1/50 (ఒక్కో ఫ్రేముకు సెకనులో యాభయ్యో వంతు వెలుతురు), ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) రెండూ వాటంతటవే మారకుండా లాక్. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది కాబట్టి 1/50 గానీ 1/100 గానీ పెడితే ఫ్లికర్ రాదు. 60 హెర్ట్జ్ అయితే 1/60, 1/120. కిటికీ వెలుతురే మెయిన్ లైటు, దానికి ఎదురుగా తెల్ల థర్మోకోల్ షీటు. ముఖం మీద నీడ కాస్త గట్టిగా కావాలంటే షీటు తీసేసి నల్ల దుప్పటి పట్టుకుంటున్నాం. చాలా ఫోన్లలో ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే కంత) మారదు కాబట్టి, ఎండలో 1/50 పెడితే ఆకాశం తెల్లగా మాడిపోతుంది. దానికి ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సుకు నల్ల కళ్లద్దం లాంటిది) కావాలి. అది లేకే మేడ సీను పొద్దువాలాక జరిగేట్టు మార్చాను.

అసలు పనంతా సౌండ్ దగ్గరే. అమెరికన్ దర్శకుడు షాన్ బేకర్ 2015లో విడుదలైన ‘టాంజరీన్’ సినిమాని ఐఫోన్ 5ఎస్‌తో తీశాడని అందరూ చెబుతారు. సౌండ్ మాత్రం ఫోన్‌తో కాదు, విడిగా ప్రొఫెషనల్ పరికరాలతో రికార్డు చేశారన్న మాట ఎవరూ ఎత్తరు. బొమ్మ కాస్త మసకగా ఉంటే స్టైల్ అనుకుంటారు. మాట వినపడకపోతే మాత్రం ఆపేసి వెళ్లిపోతారు.

గదిలో మొదటి శత్రువు ఫ్రిజ్. దాని గుర్రు మనకు చెవిలో పడదు, మైకు మాత్రం వదలదు. టేక్‌కి ముందు ప్లగ్ పీకి, ఇంటి తాళాలు ఫ్రిజ్‌లోనే పెడుతున్నాం. సౌండ్ వాళ్ల పాత చిట్కా ఇది: తాళాలు లేకుండా బయటకు పోలేం కాబట్టి తిరిగి ఆన్ చేయడం మర్చిపోం. ఫ్యాన్ కూడా బంద్. టేకుల మధ్యలో వేస్తున్నాం, లేకపోతే మేకప్ కంటే ముందు ఓపిక కరిగిపోతుంది. గది గోడలు ఖాళీగా ఉండి మాట గంగుమంటోంది, అందుకే ఫ్రేమ్ బయట కుర్చీల మీద బొంతలు ఆరేశాం. మైకు గడ్డానికి జానెడు కింద, చొక్కా లోపల టేపుతో. గట్టిగా అరిచే డైలాగు ముందు చెప్పించి, శబ్దం పగిలిపోకుండా, మీటర్ −12 డీబీ దాటనట్టు రికార్డింగ్ లెవెల్ పెడుతున్నాం. ప్రతి సెటప్ అయ్యాక అందరం కదలకుండా నిలబడి ముప్పై సెకన్ల ఖాళీ గది శబ్దం కూడా రికార్డు చేస్తున్నాం. ఎడిటింగ్‌లో రెండు ముక్కల మధ్య సందు పూడ్చేది అదే.

పొడుగు టేకులు ఎడిటింగ్‌లో వేసి చూస్తే ఒక టెన్షన్. విడిగా రికార్డు చేసిన సౌండ్‌ను పిక్చర్‌తో కలపడానికి టేకు మొదట్లో కొట్టిన చప్పట్లు సరిగ్గా కలిశాయి, చివరికొచ్చేసరికి పెదాలు ఒకటి, మాట ఒకటి. ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫో యాప్‌లో తెరిస్తే ఫ్రేమ్ రేటు ‘వేరియబుల్’ అని కనిపించింది. చాలా ఫోన్ల మామూలు కెమెరా యాప్ వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటును కొద్దికొద్దిగా మార్చేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ పెట్టి మార్చుకున్నాక దారికొచ్చింది. ఇకపై టేకు చివర కూడా ఒక చప్పట్లు కొట్టిస్తున్నాను, ఎంత జారిందో అక్కడే తెలిసిపోతుంది.

ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో. 4కే ఎగుమతి దానితోనే అవుతుంది, వాటర్‌మార్క్ పడదు. నా ల్యాప్‌టాప్ నత్తనడక కాబట్టి ప్రాక్సీ ఫైళ్లతో (అసలు వీడియోకి తేలికపాటి నకళ్లు) కట్ చేస్తున్నాను. సంగీతానికి క్రియేటివ్ కామన్స్ ట్రాకులు (షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చేవి) వెతుకుతున్నాను. వాటిలో ‘ఎన్‌డీ’ (ఇది ఫిల్టర్ కాదు, మార్పులు చేయకూడదన్న షరతు) అని ఉన్నవి పక్కన పెట్టేయాల్సిందే, ఎందుకంటే ఆ లైసెన్సుల లెక్కలో పాటను బొమ్మకు జత చేయడమే మార్పు కిందికి వస్తుంది. ‘బై’ (పేరు చెప్పాలన్న షరతు) ఒక్కటే ఉంటే టైటిల్స్‌లో పాట, కళాకారుడి పేరు, లైసెన్సు లింకు వేసి, వాడుకున్నప్పుడు మార్చింది చెబితే చాలు.

మేడ మీద గాలి ఎలాగూ ఉంటుంది. మైకుకి బొచ్చుగుడ్డ తొడిగి చూస్తాం. అప్పటికీ కుదరకపోతే టేకు అవగానే, కెమెరా ఆపేసి, గోడ చాటున అవే డైలాగులు మళ్లీ చెప్పించాలి. ఆ ఊపులో ఉండగా చెప్పిన మాట, వారం తర్వాత చేసే డబ్బింగ్ కంటే నయం. మా హీరో జుట్టు కత్తిరించుకునేలోపు ఈ సీను అయిపోవాలి. ఇప్పటికే రెండుసార్లు అద్దంలో చూసుకుంటూ దొరికాడు.