తామర కుంటలో పేనుబంక: నా అనుభవం

చంద్రగిరి దగ్గర మాకున్న చిన్న కుంటలో తామర వేశాను. గట్టు వారన తడి నేలలో చేమ పెంచుతున్నాను. పూలు తిరుపతికి, చేమ దుంపలు రైతు బజారుకు, తామర దుంపలు అడిగిన వాళ్ల ఇళ్లకు పోతాయి. కుంటలో బొచ్చె, శీలావతి చేపపిల్లలను కూడా వదిలాను. వాటి సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆకుల రసం పీల్చే చిన్న పురుగు పేనుబంకతో నా పేచీ అంతా ఈ చేపల చుట్టూనే తిరిగింది.

వానలు పడుతున్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. వానలు వెనకబట్టి రాత్రిళ్లు చలి మొదలయ్యాక లేత ఆకులు విప్పుకోకుండా ముడుచుకుపోయాయి. విచ్చిన ఆకుల మీద తెల్లటి పొడి, చేతికి అంటుకునే జిగురు. ఒక ఆకు కోసి మందుల అంగడికి తీసుకెళ్తే, ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే ‘బూడిద తెగులు’ అని తేల్చి, గంధకం పొట్లం తీశాడు. నేను తొడిమను తిప్పి చూపించాను. ఆవగింజంత పురుగులు, ముదురు గోధుమ రంగువి, తొడిమ ముళ్ల మధ్య సందు లేకుండా కూర్చుని ఉన్నాయి. ఆ తెల్లటి పొడి అవి విడిచిన కుబుసాలే. వెంటనే గంధకం లోపలికి పోయి, సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు సీసా బయటికి వచ్చింది.

“చేపలున్నాయన్నా” అన్నాను.

“కొట్టేది కొంచెమే కదా!”

తామరాకు మీద నీటిబొట్టు నిలవదన్న మాటను వేదాంతానికి వాడుకుంటాం గానీ, స్ప్రేయరు భుజాన వేసుకున్నప్పుడు గుర్తు చేసుకోం. ఆకు మీద కొట్టిన మందు జారి కుంటలోకే పోతుంది. సైపర్‌మెత్రిన్ చాలా తక్కువ మోతాదులోనే చేపలను చంపుతుంది. ఇమిడాక్లోప్రిడ్ అనే ఇంకో పురుగుమందు చేపల జోలికి అంతగా పోకపోయినా నీటిలో బతికే పురుగులను తుడిచిపెడుతుంది. సీసా అక్కడే వదిలి వచ్చేశాను.

తిరుపతి వ్యవసాయ కళాశాలలో చదివిన నా బావమరిదికి ఫోటోలు పంపాను. “బావా, ఇది తామర, కలువల మీద వచ్చే పేనుబంకే. శాస్త్రీయంగా రోపలోసైఫమ్ నింఫే అంటారు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1761లోనే దీన్ని వర్ణించాడు” అని మొదలుపెట్టాడు. చలి దేశాల్లో ఇది ప్లమ్ జాతి చెట్ల మీద గుడ్లు పెట్టి శీతాకాలం గడిపి, తర్వాత నీటి మొక్కలకు దిగుతుంది. మన వాతావరణంలో ఆ తిప్పలేమీ అక్కర్లేదు. ఆడ పురుగులు మగవాటితో పని లేకుండా నేరుగా పిల్లలను కంటూ నీటి మొక్కల మీదే కాలం గడిపేస్తాయి. నీటి మీద తేలే కలుపు అంతరతామర మీదా, పశువుల మేతకు తొట్లలో పెంచే అజొల్లా మీదా కూడా బతుకుతాయి. అది విన్నాక కుంట మూలనున్న అంతరతామరను లేపి చూస్తే, అవే పురుగులు.

ముందు దాన్నంతా లాగి గట్టుకు దూరంగా ఎండలో పోయించాను. తర్వాత పురుగు బాగా పట్టిన ఆకుల కోత. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: తొడిమను నీటి మట్టానికి పైనే కోయాలి. దుంపకు గాలి అందేది తొడిమలోని గొట్టాల గుండానే. నీటి అడుగున కోస్తే వాటిలోకి నీళ్లు దిగి దుంప కుళ్లుతుంది. మోకాలి లోతు బురదలో నిలబడి ఆ పని చేస్తే ముళ్లు గీరుకుని చేతులు మండిపోయాయి.

మిగిలిన ఆకులను మోటారు పైపు చివర వేలితో నొక్కి, పొద్దున్నే ధారగా కడిగాను. చిక్కేమిటంటే రాలిన పురుగులు మునగవు. నీటి మీదే నడిచి ఇంకో తొడిమ ఎక్కుతాయి. అందుకని గాలి వీచే వైపు నుంచి కడుగుతూ, అవతలి గట్టుకు కొట్టుకొచ్చిన వాటిని పాత పంచెతో దేవాను. కొన్నింటిని చేపపిల్లలు మింగేశాయి. వారం వారం ఇదే పని. ఈలోగా అక్షింతల పురుగులు చేరాయి. నారింజ మచ్చలున్న వాటి నల్లటి పిల్లలను చూసి కూలికి వచ్చిన అక్క నలపబోతే గబుక్కున ఆపాను. పేనుబంకను తినేవి అవే మరి. మందు కొట్టి ఉంటే ముందు పోయేవీ అవే.

చేమ కథ వేరు. తామర చుట్టూ నీళ్లు కాబట్టి చీమలు రాలేదు గానీ, గట్టు మీద అవి జిగురు కోసం పేనుబంకకు కాపలా కాశాయి. అక్కడ 5 శాతం వేపగింజల కషాయం సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టించాను, కుంట వైపు వరసలు వదిలేసి. వేప కూడా మోతాదు మించితే చేపలకు మంచిది కాదు. ఆకుల ఈనెల వెంట ఈకల్లాంటి పాలిపోయిన చారలున్న మొక్కలను పీకేశాను. అది పేనుబంక మోసుకొచ్చే మొజాయిక్ వైరస్. పురుగు మూతి గుచ్చిన కాసేపటికే అంటుకుంటుంది కాబట్టి, తర్వాత పురుగును చంపినా ఆ మొక్కకు ఒరిగేదేమీ లేదు. ఆ దుంపలు విత్తనానికి ఉంచలేదు. యూరియా కూడా తగ్గించాను, లేత ఆకు ఎక్కువైతే పేనుబంకకు విందే.

ఇప్పటికీ వెతికితే అక్కడక్కడ పురుగు కనబడుతుంది, పూలకు మాత్రం లోటు లేదు. మిగిలిన బెంగ పక్క పొలం పెద్దాయన అజొల్లా తొట్టి. మా గట్టును ఆనుకునే ఉండేది. పాక వెనక్కి మార్చమని అడిగితే, “ఆవు పాలు తగ్గితే నువ్వే పోయాలి నాయనా” అన్నాడు. సరేనన్నాను. తొట్టి మార్చాడు.