ఘాంద్రుక్‌లో రాగి సంగటి

హిమాలయాలు చూద్దామని నేపాల్‌లోని ఘాంద్రుక్ వెళ్లినవాణ్ణి, రెండు రోజులు మబ్బు తప్ప ఏమీ చూడలేదు. నవంబరులో ఆకాశం అద్దంలా ఉంటుందని పోఖరాలో హోటలాయన భరోసా ఇచ్చాడు మరి! జీపు ఊరి కిందే ఆగిపోయింది. అక్కణ్ణించి అన్నీ రాతిమెట్లే. నేను మూడుచోట్ల కూలబడేలోపు, డోకో బుట్ట పట్టీని నుదుటికి తగిలించుకుని, వీపున గడ్డి మోస్తూ ఒక ముసలాయన నన్ను దాటి వెళ్లిపోయాడు.

ఘాంద్రుక్ గురుంగ్ తెగవాళ్ల ఊరు. దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. రాతిగోడలు, పలకరాయి కప్పులు, బండలు పరిచిన వాకిళ్లు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పనులు 1986లో మొదలైంది ఇక్కడే. విదేశీయుల్ని పర్మిట్ లేకుండా రానివ్వరు.

నేను దిగిన ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. అందరిలాగే నేనూ 'ఆమా' (అమ్మా) అని పిలిచాను. భర్త మన సైన్యంలోనే గోర్ఖా రెజిమెంట్‌లో చేసి రిటైరయ్యాడట. కొన్నేళ్లు డెహ్రాడూన్ క్వార్టర్స్‌లో ఉంది కాబట్టి హిందీ నాకంటే బాగా మాట్లాడుతుంది.

రాత్రికి కోదో పిండితో ఢిండో చేస్తానంది. హిందీలో కోదో అంటే అరికెలు కదా, అదే అనుకున్నా. డబ్బా మూత తీస్తే రాగిపిండి! అనంతపురం వాణ్ణి, నాకు తెలియదా ఆ రంగు, ఆ వాసన? ఎసరు మరగ్గానే పిండి కొంచెం కొంచెంగా పోస్తూ, ఇనుప బాణలిని కాలితో అదిమిపెట్టి, రెండు చేతులతో చెక్కతెడ్డు తిప్పింది. మా అవ్వ సంగటి కెలికినట్టే. బియ్యం మాత్రం వేయదు. పక్కన గుంద్రుక్ పులుసు. ఆవాకు, ముల్లంగాకు వాడ్చి, కుండలో కుక్కి, పులిశాక ఎండబెడతారు. ఆ పులుపు మొదటి ముద్దకు వింతగా ఉంది, మూడో ముద్దకు మళ్లీ అడిగాను.

"నమలకు బాబూ, ముంచుకుని మింగు" అంది ఆమా.

"మా ఊళ్లో చెనిక్కాయల ఊరిమిండితో తింటాం" అన్నాను. వేయించిన వేరుశనగలు నూరి చేసే ఆ పచ్చడిని హిందీలో ఎలా చెప్పాలో తెలియక తంటాలు పడ్డాను. పచ్చి వేరుశనగల పచ్చడి అనుకుందేమో, జాలిగా చూసింది.

మూడోరోజు పొద్దున మబ్బు విడిపోయింది. 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే, చేపతోకలా రెండుగా చీలిన శిఖరం, ఎదురుగా! ఫోను కోసం వాకిట్లోకి ఉరికాను. ఆమా అటువైపు తలెత్తి కూడా చూడలేదు.

"చూసుకుని నడువు, ఆరబోసిన కంకులు తొక్కుతావు" అంది.