ముప్పై దాటాక మొటిమలు: విశాఖ ఉక్కలో నాకు కుదిరిన పద్ధతి

ఇరవై అయిదేళ్లు దాటిన వారికి వచ్చే మొటిమలు పదిహేనేళ్ల వయసు నాటి వాటికి కొనసాగింపు కావచ్చు, కొత్తగా మొదలైనవీ కావచ్చు. ఇవి మగవారి కంటే ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తాయి. చాలామందికి నుదుటి మీద తగ్గి గడ్డం చుట్టూ, దవడ అంచున, మెడ పైభాగంలో లోతుగా, నొప్పిగా లేస్తాయి. నెలసరి దగ్గర పడేకొద్దీ ముదురుతాయి. నావి సరిగ్గా ఆ కోవకు చెందినవే. చుట్టాలింట్లో ఏ శుభకార్యానికి వెళ్లినా నా క్షేమ సమాచారాల కంటే ముందు నా గడ్డం గురించే విచారణ జరిగేది. "ఇదేటే అమ్మా, ఇద్దరు పిల్లల తల్లివి, ఇంకా మొటిమలేటే?" అని గాజువాకలో ఉండే మా మేనత్త అడిగినప్పుడు నవ్వు వచ్చింది గానీ, ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలుసుకోవాలన్న పట్టుదల కూడా అప్పుడే కలిగింది.

ప్రతి రోమకూపానికీ ఆనుకుని ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆడవారిలోనూ కొద్ది మోతాదులో ఉండే ఆండ్రోజెన్ అనే పురుష హార్మోన్లు ఆ గ్రంథిని ప్రేరేపిస్తాయి. రోమకూపం లోపలి గోడ నుంచి రాలిన మృతకణాలు ఆ నూనెతో కలిసి దారిని మూసివేస్తే, లోపల నిలిచిన నూనెలో క్యూటిబ్యాక్టీరియం ఆక్నిస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దానిని శరీరం ఎదుర్కొనే క్రమంలో ఎరుపు, వాపు, చీము ఏర్పడతాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, దారి మూసుకుపోవడం కంటికి ఏమీ కనిపించని దశలోనే మొదలవుతుంది. అది పైకి తేలడానికి వారాలు పడుతుంది. ఈ రోజు అద్దంలో కనిపించిన మొటిమకు పునాది పోయిన నెలలోనో అంతకు ముందో పడి ఉంటుంది. కాబట్టి లేచిన మొటిమ మీద చుక్క మందు పెట్టి ఊరుకుంటే, పక్కనే తయారవుతున్న నాలుగింటిని వదిలేసినట్లే. మొటిమలు తరచుగా వచ్చే భాగమంతటికీ, అక్కడ ఏమీ లేని రోజున కూడా మందు రాయాలి. నేను పాటిస్తున్న పద్ధతి అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

రాత్రి పూట రాసేది అడాపలీన్ 0.1 శాతం జెల్. ఇది విటమిన్ ఏకు సంబంధించిన రెటినాయిడ్ జాతికి చెందిన మందు; రోమకూపం లోపల కణాలు అంటుకుని బిరడాలా తయారు కాకుండా చూస్తుంది, వాపును కూడా తగ్గిస్తుంది. అమెరికాలో 2016 నుంచి దీన్ని డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు గానీ, మన దగ్గర డాక్టరును అడగకుండా మొదలుపెట్టడం మంచిది కాదు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీనిని వాడకూడదు; వారికి అజెలాయిక్ ఆమ్లం వంటి వేరే దారి ఉంది. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, చర్మం మాత్రం మండుతుంది. ముఖం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చిన్న చుక్కలు పెట్టి పలుచగా పరచాలి. కంటి చుట్టూ, ముక్కుపుటాల మూలల్లో, పెదవుల చివర్లలో రాయకూడదు, ఎందుకంటే ముందుగా పగిలేది అక్కడే.

నాకు మందు ఇచ్చిన డాక్టరుగారు మొదటి రెండు వారాలూ రాత్రి విడిచి రాత్రి రాయమన్నారు. చర్మం పొట్టు లేవడం, బిగుసుకుపోవడం, కాస్త ఎర్రబడటం సహజమని, దానికి భయపడి మానేయడం కంటే మందుకు ముందు పలుచగా మాయిశ్చరైజర్ రాసుకుంటే సరిపోతుందని కూడా చెప్పారు. మొదటి వారాల్లో లోపల ఉన్నవన్నీ ఒకేసారి పైకి రావడం వల్ల ముఖం మునుపటి కంటే అధ్వానంగా కనిపించవచ్చు. నిజానికి ఈ దశ దాటలేకనే చాలామంది మందు పనిచేయలేదని తేల్చేస్తారు. పన్నెండు వారాలు క్రమం తప్పకుండా రాసిన తర్వాతే అది పనిచేసిందా లేదా అని చెప్పగలం. అంతవరకు రోజూ అద్దం దగ్గర లెక్కలు వేయడం కంటే నెలకొకసారి, ఒకే కిటికీ వెలుతురులో ఫోటో తీసుకుని పోల్చుకోవడం మనశ్శాంతికి మంచిది.

పగటి పూట విశాఖ వాతావరణంతోనే అసలు ఇబ్బంది. ఇక్కడ విజయవాడ అంత ఎండ ఉండదు గానీ, సముద్రపు తేమ వల్ల ఉక్క ఎక్కువ. మద్దిలపాలెంలో స్కూటరెక్కి మధురవాడలో దిగేసరికి హెల్మెట్ కింద ముఖం తడిసి ముద్దవుతుంది. ఇంత ఉక్కలో మాయిశ్చరైజర్ ఎందుకని అడిగేవారు చాలామంది, కానీ చెమట పట్టినంత మాత్రాన చర్మం పొడిబారకుండా ఉండదు, పైగా రెటినాయిడ్ వాడేవారికి అది తప్పనిసరి. గ్లిజరిన్ లేదా హయలురోనిక్ ఆమ్లం ఉన్న పలుచని జెల్ రకం ఎంచుకుంటే జిడ్డుగా అనిపించదు. ముఖం కడగడం రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి, అంతే. ఒంటి సబ్బు క్షార గుణం కలది, చర్మం పైపొర కొద్దిగా ఆమ్ల గుణం కలది, అందుకే సబ్బుతో పదేపదే కడిగిన ముఖం ముందు బిగుసుకుని, తర్వాత మందులను ఓర్చుకోలేకపోతుంది. నురగ తక్కువగా వచ్చే సాదా ఫేస్‌వాష్ చాలు. హెల్మెట్ పట్టీ రాపిడి వల్ల కూడా దవడ మీద మొటిమలు రావచ్చు కాబట్టి, ఆ పట్టీని, లోపలి మెత్తలను నేను వారం వారం ఉతుకుతాను.

సన్‌స్క్రీన్ విషయంలో నేను ఏ మాత్రం రాజీ పడను. మన చామనచాయ చర్మంలో మొటిమ తగ్గినా దాని చోట గోధుమ రంగు మచ్చ నెలల తరబడి నిలిచిపోతుంది. ఎండ తగిలితే అది మరింత ముదురుతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించినది, రంధ్రాలను మూసివేయదని (నాన్-కొమెడోజెనిక్) డబ్బా మీద రాసి ఉన్నది, రెండు వేళ్ల పొడవునా పిండి ముఖానికి, మెడకు రాయాలి. ఆరుబయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. సాయంత్రం నాలుగు గంటలకు బీచ్ రోడ్డులో నడకకు వెళ్లేవారు ఎండ తగ్గిందనుకుని దీన్ని వదిలేస్తుంటారు.

వాపుతో లేచే మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా తోడవుతుంది. 2.5 శాతం బలం ఉన్నది 10 శాతం దానికి దాదాపు సమానంగా పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. ఇది బట్టల రంగును తినేస్తుంది కాబట్టి తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడక తప్పదు. క్లిండమైసిన్ వంటి యాంటీబయాటిక్ జెల్‌ను ఒక్కదాన్నే నెలల తరబడి రాస్తే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా పోతాయి. అందుకే వైద్యులు దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జతచేస్తారు.

ఇక చెప్పక తప్పని మాట మందుల షాపు క్రీముల గురించి. మా వీధి చివరి షాపులో మొటిమలకు ఏదైనా ఇవ్వమని అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకే ట్యూబు చేతిలో పెట్టడం నేను స్వయంగా చూశాను. నాకూ ఇవ్వబోయారు. దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లలో మొమెటసోన్ కనిపించడంతో అక్కడే వదిలి వచ్చాను. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసోల్, ఫ్లూసినొలోన్ అన్నవి స్టెరాయిడ్లు. రాసిన మూడు నాలుగు రోజుల్లో ఎరుపు పోయి ముఖం తెల్లబడినట్లు కనిపించడంతో, వాడినవారు పక్కింటివారికి కూడా చెబుతారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడి, రక్తనాళాలు ఎర్రగా బయటికి కనిపించి, ఎండ తగిలితే మంట పుడుతుంది. మానగానే మొటిమలు రెట్టింపుగా తిరగబడతాయి, మళ్లీ అదే ట్యూబు కొనవలసి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్ షెడ్యూలులోకి తెచ్చింది. చట్టం సంగతి అలా ఉంచి, ట్యూబు వెనక ఈ నాలుగు పేర్లు వెదకడం ఎవరికైనా నిమిషం పని. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం తమంతట తాము ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంటి చిట్కాల మీద నాకు కోపం లేదు, గానీ వాటిలో కొన్ని మొటిమలకు సరిపడవు. సున్నిపిండితో, శనగపిండితో ఒంటిని రుద్దుకోవడం వేరు, వాచిన మొటిమను రుద్దడం వేరు. రెండోదాని వల్ల లోపలి వాపు పెరిగి మచ్చ మిగులుతుంది. నిమ్మరసం చర్మాన్ని కాల్చేస్తుంది. తలకు పట్టించిన కొబ్బరి నూనె నుదుటి మీదకు జారితే అక్కడి రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి, తలంటుకు గంట ముందు మాత్రమే రాసుకుని, ఆ రాత్రి నూనె తలతో పడుకోకపోవడం నా అలవాటు. నుదుటి మీద అన్నీ ఒకే పరిమాణంలో, దురదతో లేచే చిన్న పొక్కులైతే అవి మొటిమలు కాకపోవచ్చు. ఉక్క ప్రాంతాల్లో మలసీజియా అనే ఫంగస్ వల్ల అలాంటివి వస్తాయి, వాటికి మందు వేరు. సింహాచలం నుంచి తెచ్చిన చందనం ముఖమంతా పట్టించమని మా అత్తగారు ప్రేమగానే చెప్పారు. అప్పన్న చందనాన్ని నేను భక్తితో నుదుటి బొట్టు వరకే ఉంచాను.

తిండి విషయంలో, రక్తంలో చక్కెరను త్వరగా పెంచే పదార్థాలు తగ్గిస్తే కొందరికి మేలు జరుగుతుందన్న ఆధారాలు ఉన్నాయి. పాలతో కొందరికి పెరుగుతాయి. వ్యాయామశాలల్లో తాగే వే ప్రోటీన్ పొడితో కూడా కొందరిలో పెరగడం వైద్యులు గమనించారు. అన్నం మానేయమని ఎవరూ అనలేదు, నేనూ మానలేదు.

నెలసరి క్రమం తప్పినా, గడ్డం మీద వెంట్రుకలు ఎక్కువైనా, తల వెంట్రుకలు పలుచబడుతున్నా మొటిమలకు వెనక పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల పనితీరు దెబ్బతినే సమస్య) ఉందేమో చూడాలి. అప్పుడు పైపూతలు మాత్రమే సరిపోవు. లోతుగా గడ్డలు కట్టి గుంటలు పడుతుంటే పన్నెండు వారాలు ఆగకుండా వెంటనే చూపించుకోవాలి. అలాంటప్పుడు ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఇవ్వవచ్చు. అవి గర్భస్థ శిశువుకు తీవ్రమైన హాని చేస్తాయి కాబట్టి వాడినంత కాలం, ఆపిన తర్వాత మరో నెల వరకు గర్భం రాకుండా గట్టి జాగ్రత్త తీసుకోవాలి. ప్రైవేటు ఫీజు భారమనుకునేవారికి ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది.

ముఖం తేరుకున్న తర్వాత కూడా అడాపలీన్ ఆపేయలేదు, డాక్టరుగారు చెప్పినట్లు వారంలో మూడు రాత్రులకు తగ్గించాను. నెలసరికి ముందు గడ్డం మీద ఒకటో రెండో ఇప్పటికీ లేస్తాయి. వాటిని గిల్లకుండా వదిలేస్తే వారం లోపల అణగిపోతాయి, మచ్చ కూడా అంతగా మిగలదు. పాత మచ్చల్లో దవడ ఎడమ వైపువి ఇంకా పూర్తిగా పోలేదు. వాటి కోసం ఉదయం సన్‌స్క్రీన్‌కు ముందు 5 శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) రాయడం మొదలుపెట్టాను. ఈ ఒక్కటీ తప్ప కొత్త సీసా ఏదీ నా అలమారాలోకి చేరలేదు.