నీటిని విసిరే మరలు: కిండర్‌డైక్‌లో ఒక రోజు

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో ఎరాస్మస్ వంతెన పక్కనున్న రేవులో వాటర్‌బస్ ఎక్కి, నది వెంట అరగంటకు పైగా ప్రయాణించి కిండర్‌డైక్ చేరేసరికి ఉదయం పది దాటింది. ఆ రోజు మరే పనీ పెట్టుకోకూడదని, పొద్దంతా ఆ గాలిమరల మధ్యే గడిపి సాయంత్రపు పడవకు తిరిగి వెళ్లాలని నేనూ నా భార్యా ముందే అనుకున్నాం. లెక్, నోర్డ్ నదులు కలిసే చోట ఉన్న చిన్న ఊరు అది. కరకట్ట దిగగానే రెండు కాలువలు, వాటి నడుమ నడకదారి, ఆ నీటి వెంబడి దూరం దాకా వరుస తీరిన గాలిమరలు కనిపించాయి. మొత్తం 19. అయితే గాలి బొత్తిగా లేదు. ఒక్క రెక్కా కదలడం లేదు. కాలువలో వాటి నీడలు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.

మర అంటే నాకు చిన్నప్పటి నుంచీ పిండిమరే. ఈ మరలు మాత్రం ఏనాడూ గింజ విసరలేదు, నీటినే విసిరాయి. ఇది నా చమత్కారం కాదు. డచ్చి భాషలో ధాన్యం విసరడానికీ, పొలాల్లోని నీటిని మరతో తోడిపోయడానికీ ‘మాలెన్’ అనే ఒక్క మాటే వాడతారు. ఇక్కడి నేల ఒకప్పటి చిత్తడి నేల. సాగు కోసం నీటిని తీసేసిన కొద్దీ ఆ నేల కుంగిపోయింది, నదుల అడుగున మేట పడి నీటిమట్టం పెరిగింది. పూర్వం ఆటు సమయంలో తూము తలుపులు తెరిస్తే మురుగునీరు తనంతట తానే నదిలోకి పోయేది. నేల నదికంటే కిందికి దిగిపోయాక ఆ ఉపాయం చాలలేదు. అప్పుడు ఒక వరుసలో 1738లో ఎనిమిది ఇటుక గాలిమరలు, ఎదుటి వరుసలో 1740లో ఎనిమిది రెల్లుకప్పు గాలిమరలు కట్టారు. మిగతా మూడూ ఈ రెండు వరుసలకు వేరుగా ఉన్నవి. మనం ఏతం వేసి పొలంలోకి నీళ్లు తోడుకుంటే, వీళ్లు పొలం లోంచి బయటికి తోడుకున్నారు. కాలువలు, లాకుల మధ్య పెరిగినవాణ్ణి కావడం వల్ల కాబోలు, గాలిమరలకంటే ఆ ఆలోచనే నన్ను ఎక్కువసేపు అక్కడ నిలబెట్టింది.

ఊరి పేరుకు ‘పిల్లల కరకట్ట’ అని అర్థం. 1421 నవంబరులో వచ్చిన సెయింట్ ఎలిజబెత్ వరదలో ఒక ఊయల కొట్టుకువచ్చిందనీ, అందులోని పిల్లి అటూ ఇటూ గెంతుతూ ఊయల ఒరిగిపోకుండా కాయడంతో పసిబిడ్డ బతికిందనీ ఇక్కడివారు కథగా చెప్పుకుంటారు.

మ్యూజియంగా మార్చిన ఒక గాలిమర లోపలికి వెళ్లాం. బయట ఎంత ఎత్తుగా కనిపించినా లోపల అది ఒక కాపురం. కింది అంతస్తులో పొయ్యి, భోజనపు బల్ల, గోడలో అలమరలా అమర్చిన పొట్టి మంచం. ఇంటి నట్టనడుమ నిలువుగా దిగే ఇరుసు సగం చోటు తినేస్తుంది. పైన రెక్కల ఇరుసుకు బిగించిన పళ్ల చక్రం తిరిగితే ఈ నిలువు ఇరుసు తిరుగుతుంది, అది కింద నీళ్లు తోడే చక్రాన్ని తిప్పుతుంది. చెక్క పళ్లు అరగకుండా తేనెమైనం రాస్తారు. ఒక పంటిని వేలితో తాకి చూశాను. చల్లగా, నున్నగా, ఏళ్ల తరబడి వాడిన రోకలి మధ్యభాగంలా ఉంది. ఇంటికి ఎదురెదురుగా రెండు తలుపులు ఉండడానికి కారణం మొదట అర్థం కాలేదు. రెక్కలు నేలకు జానెడు, మూరెడు ఎత్తులోనే తిరుగుతాయి. గాలి ఏ వైపు ఉంటే రెక్కలను ఆ వైపుకు తిప్పాలి, ఆ రోజున ఆ వైపు తలుపు తీయకూడదు. పసిపిల్లలున్న తల్లి రోజుకెన్నిసార్లు గాలి దిక్కు చూసుకునేదో!

మధ్యాహ్నం రెండు దాటాక రెల్లు కదిలింది. నాకు అది మామూలు పిల్లగాలే. గాలిమర నడిపే పెద్దాయన మాత్రం అప్పటికే బయట ఉన్నాడు. వెనుక దిగివచ్చిన దూలాన్ని చక్రంతో లాగి గాలిమర తలను గాలికి ఎదురు తిప్పాడు. రెక్క చట్రాన్ని నిచ్చెనలా ఎక్కి, చుట్టి ఉన్న గుడ్డను విప్పి, తాళ్లతో బిగించి కట్టాడు. ఒక రెక్క పూర్తయ్యాక తరువాతి రెక్కను కిందికి దించుకుని, నాలుగింటికీ అదే ఓపికతో ఆ పని చేశాడు. ఆ తరువాత రెక్కలను ఆపి ఉంచే పట్టు (బ్రేకు) విడిచాడు. ముందు మూలుగు లాంటి చప్పుడు వచ్చింది, ఆ వెనుక గుడ్డ గాలిని కోసుకుపోయే ఊపు వినిపించింది. పక్కకు వెళ్లి చూస్తే తెడ్ల చక్రం నల్లటి నీటిని ఎత్తి, పైకాలువలోకి నురగలు కక్కిస్తూ నెట్టుతోంది. ఆ తుంపర ముఖం మీద పడుతున్నా చాలాసేపు కదలలేదు.

ఇప్పుడు ఆ పని ప్రధానంగా పెద్ద స్క్రూ పంపులదే. అయినా రెండో ప్రపంచయుద్ధంలో ఇంధనం దొరకనప్పుడు ఈ ప్రాంతాన్ని మళ్లీ ఈ మరలే కాచాయి. 1997లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2017లో గాలిమరలు, నీటిమరలు నడిపే విద్యనే వారసత్వంగా గుర్తించింది. నా మట్టుకు ఈ రెండో గుర్తింపే గొప్పది, ఎందుకంటే ఆ పెద్దాయన చేతులు లేకపోతే ఇవి ఇటుక గోడలే.

ఆగి ఉన్న రెక్కలకూ ఒక భాష ఉంది. ఒక రెక్క శిఖరానికి కాస్త ముందే ఆగితే శుభవార్త, శిఖరం దాటి ఆగితే సంతాపం. 2014 జూలైలో ఎందరో డచ్చివారు ప్రయాణిస్తున్న మలేషియా విమానం ఎమ్‌హెచ్17 కూలినప్పుడు దేశంలోని ఎన్నో గాలిమరలను సంతాప సూచకంగా నిలిపారు.

పడవ వేళకు గాలి మళ్లీ తగ్గింది. పెద్దాయన పట్టు వేసి, గుడ్డలు చుట్టి, రెక్కలను కూడిక గుర్తులా నిలిపి, కింది రెక్కకు గొలుసు తగిలించాడు. ఒకసారి పడమటి ఆకాశం చూసి, ఆ వైపున లేని తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు.