రంగును నమ్మడం మానేశాను

ఈ మధ్య అడవి పూలను గుర్తుపట్టే పిచ్చి పట్టుకుంది. రంగును మాత్రం నమ్మడం లేదు. ఒకే మొక్క జాతిలో కూడా అది మారుతుంది, కేసరాలు, అంటే పువ్వులో పుప్పొడినిచ్చే మగ భాగాలు, అంత తేలిగ్గా మాట మార్చవు.

ముందు రేకులు లెక్కపెడతాను. మూడో ఆరో అయితే ఏకదళబీజం (వరిలా గింజలో ఒకే బీజదళం ఉండే మొక్క) కావచ్చు, నాలుగో ఐదో అయితే ఎక్కువగా ద్విదళబీజమే (చిక్కుడులా రెండు బీజదళాలు ఉండేది). విడివిడిగా ఉన్నాయా, ఉమ్మెత్తలో లాగా అతుక్కున్నాయా అన్నది తర్వాత. అసలు మజా భూతద్దం తీశాకే. తుత్తురు బెండలో కేసరాలన్నీ కలిసి గొట్టంలా లేస్తాయి, మందారం చుట్టమని ఇట్టే తెలిసిపోతుంది. ఆవాల కుటుంబంలో సాధారణంగా ఆరు: నాలుగు పొడవు, రెండు పొట్టి. చిక్కుడు కుటుంబంలో చాలావాటికి తొమ్మిది కట్టగా, పదోది వేరుగా. ఆ పదోదాన్ని సూదితో జరిపి చూసిన ఆనందం ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాదు!

గడ్డి చామంతి దగ్గరే తల తిరుగుతుంది. ఒక పువ్వు అనుకునేది నిజానికి పూల గుంపు. అంచున రేకులా కనబడే ఒక్కొక్కటీ ఒక పువ్వే, అందులో కేసరాలే ఉండవు. మధ్యలోని బుల్లి పూలలో ఐదేసి ఉంటాయి, వాటి పరాగకోశాలు (కేసరం కొనన పుప్పొడి ఉండే సంచులు) అతుక్కుని ఉంటాయి.

స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1735లో ప్రధానంగా కేసరాలను బట్టే మొక్కలను 24 తరగతులు చేశాడు. సంబంధం లేనివి కూడా ఒకే గుంపులో పడడంతో ఆ పద్ధతి నిలవలేదు. అయినా ఫోన్ యాప్ చేతులెత్తేసినప్పుడు నాకు ఆ లెక్కే దిక్కు.

తర్వాత జిల్లేడు. దాని కేసరాలు కీలాగ్రంతో (పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కొనతో) కలిసిపోయి ఉంటాయి. పాలు కంట్లో పడకుండా విప్పాలి, అదొక్కటే టెన్షన్.